బకెట్టు అడుగున తెల్లగా

బ్యాంకాక్,
దసరా మర్నాడు.

లలితా,

తల్లీ బిడ్డా కులాసాగా ఉన్నారని నీ మెసేజి చూశాను. మనవరాలిది నీ పోలికేనని మా అబ్బాయి అంటున్నాడు. నేను ఒప్పుకోలేదు, నీకంత ముక్కెక్కడిదే. పురుడు మూడు వారాలు ముందుకొస్తుందని ఎవరనుకున్నారు! విమానంలో నీ సీట్లో ఎవరో కుర్రాడు కూర్చుని దారి పొడుగునా నోరు తెరుచుకుని నిద్రపోయాడు. నీతో ఆడాల్సిన మాటలన్నీ అలాగే మిగిలిపోయాయి. ఫోనులో చెబుదామంటే పాప ఏడ్చిందంటూ మధ్యలో పెట్టేస్తావు. అందుకని కాగితం తీశాను. నీకు వీలు చిక్కినప్పుడు చదువు. ఇందులో నీ హోటలు సంగతి, నీ గ్రైండరు సంగతి కూడా ఉన్నాయి.

వచ్చిన మూడో రోజున మావాడు చైనా వాళ్ళ పేటకి తీసుకెళ్ళాడు. యావరాత్ రోడ్డని, కిలోమీటరున్నర ఉంటుంది. చీకటి పడగానే రోడ్డంతా వంటిల్లయిపోతుంది. 1782లో మొదటి రామా రాజు ఇక్కడ రాజధాని కట్టుకున్నప్పుడు, కోట కట్టే చోట అప్పటికే చైనా వర్తకులు ఉండేవారట. వాళ్ళని లేపి సాంపెంగ్ అనే చోటికి పంపారు. ఆ సాంపెంగ్ పక్కనే వందేళ్ళ తర్వాత ఈ రోడ్డు వేశారు. వాళ్ళలో ఎక్కువమంది దక్షిణ చైనా తీరం నుంచి వచ్చిన తియోచ్యూ వాళ్ళు. బంగారం కొట్లు, మందుల కొట్లు, ఎండు చేపల కొట్లు, వాటి ముందు పేవ్‌మెంటు మీద బల్లలు. మన సినిమా రోడ్డులో సెకండ్ షో వదిలినప్పటి రద్దీ, ఇక్కడ రోజూ సాయంత్రం నుంచే.

ఒక సందు మొదట్లో ఒకావిడ, మన వయసే ఉంటుంది, వరసగా ఆరు బొగ్గుల కుంపట్లు పెట్టుకుని కూర్చుంది. ఒక్కో కుంపటి మీద ఒక్కో మట్టి దాక, పైన మూత. ఆర్డరు చెప్పగానే ఒక ఖాళీ దాకలో సరుకు సర్ది, మూత పెట్టి, కుంపటెక్కించేస్తుంది. తర్వాత తిరిగి చూడదు. గడియారమూ చూడదు. మూత అంచున ఆవిరి ఎలా కొడుతుందో చూసి, ఒక్కోటీ పట్టకారుతో దింపుతుంది. నువ్వు పెనం మీద నీళ్ళు చిలకరించి ఆ చిటపట విని అట్టు వేస్తావే, అలాగన్నమాట.

ఆ వంటకం పేరు కుంగ్ ఓప్ వున్ సెన్. కుంగ్ అంటే రొయ్య. ఓప్ అంటే ఆవిరి బయటికి పోకుండా మూత పెట్టి మగ్గబెట్టడం. వున్ అంటే జెల్లీ, సెన్ అంటే పోగు. ఈ వున్ సెన్‌నే ఇంగ్లీషులో గ్లాస్ నూడుల్స్ అంటారు. నేను గాజు సేమియా అనుకుంటున్నాను. రొయ్యల కబుర్లు నాకెందుకే అని పేజీ తిప్పెయ్యకు, రొయ్య దాటాకే ఉంది అసలు సంగతి.

దాక అడుగున పంది కొవ్వు ముక్కలు పరుస్తారు. మాకది వద్దని మావాడు థాయిలో చెప్పాడు. ఆవిడ నా బొట్టు చూసి తలాడించి, గరిటెడు నూనె పోసింది. దాని మీద చక్రాలుగా కోసిన అల్లం. ఆపైన దంచిన ముద్ద ఒకటి: వెల్లుల్లి, తెల్ల మిరియాలు, కొత్తిమీర వేళ్ళు. వేళ్ళే! మనం కట్ట కొనగానే పుటుక్కున తుంచి పారేసే మట్టి వేళ్ళు. ఇక్కడ బజారులో వేళ్ళతో ఉన్న కొత్తిమీర కోసం ఏరుకుంటారు. ఈ మూడింటినీ కలిపి ‘ముగ్గురు నేస్తాలు’ అని పిలుస్తారట. ఆకులో లేని వాసన ఒకటి వేరులో ఉంది లలితా. నలభై ఏళ్ళుగా ఎంత కొత్తిమీర కొని ఉంటాను, ఒక్కసారైనా ఆ వేరు వాసన చూశానా!

ఆ ముద్ద మీద నానబెట్టిన గాజు సేమియా. దాని మీద సోయా సాసు, ఆయిస్టరు సాసు, కాస్త నువ్వుల నూనె కలిపిన నీళ్ళు, గుప్పెడు ఉల్లికాడలు, చైనా సెలరీ ఆకు. అన్నిటికన్నా పైన తలకాయలతో సహా నాలుగు పెద్ద రొయ్యలు. అంతే, మూత.

దింపాక చూస్తే నీళ్ళు లేవు. ఒక్క చుక్క లేదు. రొయ్యల తలల్లోంచి కారిన కొవ్వూ, సాసూ, మిరియం ఘాటూ అన్నీ ఆ సేమియా తాగేసింది. పోసేటప్పుడు అద్దంలా ఉన్నది తేనె రంగుకి తిరిగింది. నోట్లో వేసుకుంటే జారిపోతుంది, కానీ పంటికి అందకుండా పోదు. మా అబ్బాయి రొయ్యలు నా వైపు తోస్తుంటే వద్దన్నాను. నేను తాళ్ళరేవు దానిని, రొయ్యల చెరువుల మధ్య పెరిగినదాన్ని, రొయ్యని వద్దన్నానంటే చూసుకో. పేరు రొయ్యదే గానీ దాకలో రొయ్య ఉన్నది సేమియాకి రుచి ఇవ్వడానికే. వంట అయ్యేసరికి దాని రుచి సగం కిందికి దిగిపోయింది. పక్క బల్ల వాళ్ళయితే రొయ్యలు పక్కన పెట్టి, దాక అడుగున గోధుమ రంగు కట్టి అంటుకున్న పోగుల కోసం గరిటెలు కొట్టుకుంటున్నారు. మాడు కోసం దెబ్బలాట, మా ఇంట్లో పులిహోర గిన్నె దగ్గర జరిగినట్టే!

ఇంటికొస్తూ ఒక పాకెట్టు కొన్నాం. వెనక చూసి మావాడు, ‘అమ్మా, ఇవి పెసలే’ అన్నాడు.

నేను నమ్మలేదు. ఏ బియ్యమో, ఏ కర్ర పెండలమో అనుకున్నా. పెసలకి ఆ రంగెక్కడిది, ఆ వాసనేది? అప్పట్నుంచీ కనబడినవాళ్ళనల్లా అడుగుతూనే ఉన్నాను, మావాడి చేత చదివించుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు నీకు చెప్తా, కానీ ముందు ఒకటి గుర్తు తెచ్చుకో. పొద్దున్న నాలుగు గంటలకి పెసరపిండి తీసేశాక నీ గ్రైండరు రాళ్ళు కడుగుతావు కదా. ఆ కడుగు నీళ్ళు బకెట్టులో పోసి పక్కన పెడతారు. మధ్యాహ్నం గిన్నెలు తోమే అమ్మాయి ఆ బకెట్టు వంచితే పైన పచ్చటి నీళ్ళు పోయి, అడుగున తెల్లగా, గట్టిగా, సున్నంలా ఒకటి పేరుకుని ఉంటుంది. వేలితో గీస్తే గీత పడుతుంది. ఆ పిల్ల పీచు పెట్టి గోకి పారబోసేది, ‘బంకండీ’ అంటూ. ఆ బంకే ఈ సేమియా.

చేసేది ఇలా. పెసలు నానబెట్టి, బాగా నీళ్ళు పోసి రుబ్బుతారు. వడకట్టి నిలబెడతారు. ఇక్కడే ఉంది కిటుకు. క్రితం సారి రుబ్బి పులియబెట్టిన నీళ్ళు కాసిని ఇందులో కలుపుతారు, పెరుగుకి తోడు వేసినట్టు. ఆ పులుపుకి పెసల్లోని మాంసకృత్తులు వేరై పైన ఉండిపోతాయి, పిండి పదార్థం మాత్రం శుభ్రంగా అడుగుకి దిగుతుంది. దాన్ని కడిగి మళ్ళీ దించుతారు. మన సామర్లకోట, పెద్దాపురం మిల్లుల్లో సగ్గుబియ్యానికి కర్ర పెండలం పాలు దించినట్టే అనుకో. తర్వాత కాస్త పిండిని గంజిలా కాచి, మిగిలిన పచ్చి పిండిని అందులో కలిపి ముద్ద చేసి, చిల్లుల్లోంచి మరుగుతున్న నీళ్ళలోకి వత్తుతారు. జంతికల గొట్టం, అంతకన్నా ఏం కాదు. ఉడికి పైకి తేలిన పోగుల్ని చన్నీళ్ళలో వేసి, ఆ తర్వాత మంచులో గడ్డ కట్టిస్తారు. అలా గడ్డ కట్టి కరిగితేనే పోగుకి పోగు అంటుకోకుండా విడుతుందట, అప్పుడు ఎండబెడతారు. ఉత్తర చైనాలో వెనకటికి శీతాకాలం ఆరుబయట పెడితే చాలు, చలే ఆ పని చేసిపెట్టేది. ఇప్పుడు కోల్డ్ స్టోరేజీలున్నాయి. అక్కడ షాన్‌తుంగ్‌లో జావోయువాన్ అని ఒక ఊరుంది, ఈ సేమియాకి పెట్టింది పేరు. కానీ పేరు మాత్రం లుంగ్‌కౌ అనే రేవుకి దక్కింది, సరుకు అక్కడ ఓడలెక్కేది కాబట్టి. ఇప్పటికీ పాకెట్ల మీద ‘లుంగ్‌కౌ’ అనే ఉంటుంది. చేసిన ఊరు ఒకటి, పేరొచ్చిన ఊరు ఇంకొకటి.

పెసలే ఎందుకంటే, వాటి పిండిలో ఎమిలోస్ అనే భాగం ఎక్కువ. దానివల్ల ఉడికినా పోగు గట్టిగా, నిటారుగా ఉంటుంది, మళ్ళీ వేడి చేసినా ముద్ద కాదు. చవక రకం పాకెట్లలో బంగాళాదుంపదో, కర్ర పెండలానిదో పిండి కలుపుతారు. అవి కాసేపటికే జావ. కొరియా వాళ్ళు చిలగడదుంప పిండితో చేస్తారు. అది లావుగా, బూడిదరంగుగా ఉంటుంది, దాని సాగుడే వేరు. వియత్నాం వాళ్ళు మెట్టతామర దుంపతో. జపానులో దీన్ని ‘వసంతకాలపు వాన’ అంటారు. పేరు పెట్టిన వాడికి దణ్ణం.

నాకు మాత్రం బర్మా పేరు విన్నప్పుడు ఒళ్ళు జలదరించింది. అక్కడ దీన్ని చాజాన్ అంటారు, తామర నార అని అర్థమట. మా నాయనమ్మ గుర్తుందా నీకు, రంగం మనిషి? 1942లో యుద్ధం బాంబులకి భయపడి రంగం నుంచి తిరిగొచ్చిన వాళ్ళలో ఆవిడొకతి. జ్వరం వచ్చిన పిల్లలకి ‘అక్కడైతే తామర నారల పులుసు తాగించేవాళ్ళమే’ అని పదేపదే అనేది. మనం చెరువు గట్టున కూర్చుని, తామర తూడు విరిచి, అందులోంచి సాగే సన్నటి దారాలు లాగి, వీటితో పులుసెలా కాస్తారే అని నవ్వుకునేవాళ్ళం. ఆవిడ చెప్పింది ఇదీ! కోడి ముక్కలతో వాళ్ళు కాచే పులుసులో వేసేది ఈ పెసల పోగులే. ఊళ్ళో పెసలు పెట్టుకుని, రంగం సరుకు దొరకడం లేదని బెంగపడి పోయింది ముసలమ్మ.

ఇక నా ఘనకార్యం విను. మర్నాడే ఇంట్లో చేస్తానన్నాను. మట్టి దాక కొన్నాం. వీళ్ళది మన దాకలా కాదు, మట్టిలో ఇసక కలిపి చేస్తారు. బయట గరుగ్గా, లోపల నున్నగా పింగాణీ పూత. చుట్టూ ఇనప తీగ చిక్కం, వేడికి పగిలినా ముక్కలు విడిపోకుండా. ఉత్తరపు చైనా వాళ్ళు ఇసక కుండ అనే పిలుస్తారు. మన దాకకి పూత ఉండదు కాబట్టి పులుసు పీల్చుకుని, చేపల దాక చేపల దాకగానే మిగిలిపోతుంది. ఇది అలా కాదు, ఇవాళ రొయ్యలు, రేపు నీ పుట్టగొడుగులు. ఆ పీల్చుకోవడమే నాకిష్టం అనుకో. అది వేరే మాట.

దాక ఇంటికి తెచ్చాక చూస్తే మావాడింట్లో ఉన్నది ఇండక్షన్ పొయ్యి. మట్టిని అది గుర్తే పట్టదు. పెట్టి నొక్కితే కుయ్యిమని ఆగిపోయింది. బాల్కనీలో కుంపటి పెడదామంటే ఫ్లాట్ల వాళ్ళు ఒప్పుకోరు. చివరికి పక్క ఫ్లాటు అమ్మాయి చిన్న గ్యాసు డబ్బా పొయ్యి ఇచ్చింది. సేమియాని మన అలవాటు ప్రకారం వేణ్ణీళ్ళలో నానేశాను. పావుగంటలో పువ్వులా విచ్చుకుంది, నేను మురిసిపోయాను. దాకలో వేసి మగ్గబెడితే ఏమైందనుకున్నావు? పైన ఉత్త జిగురు, అడుగున సాసు విడిగా ఉప్పగా. ఆ పిల్ల చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. దీనికి చన్నీళ్ళేనట. పది పదిహేను నిమిషాలు, పోగు వంగితే చాలు, ఉడకకూడదు. ముందే వేణ్ణీళ్ళు తాగి కడుపు నింపుకున్నదానికి ఇక రసం తాగే చోటెక్కడుంటుంది? పెళ్ళి భోజనానికి ఇంట్లో తినేసి వెళ్ళినట్టు.

అక్కడితో ఆగానా? దింపిన దాకని తీసుకెళ్ళి తడి రాతి గట్టు మీద పెట్టాను. టప్‌మని ఒక్క చప్పుడు. నిలువునా పగిలింది. తీగ చిక్కం పుణ్యమా అని విడిపోలేదు గానీ, రసమంతా గట్టు మీద. రెండో దాక కొన్నప్పుడు, ముందు ఒక పూట నీళ్ళలో నానబెట్టి, మొదటిసారి అందులో బియ్యం జావ కాచాను. ఆ గంజి సన్నటి రంధ్రాల్లోకి దిగి పూడుస్తుందట. అది మనకి కొత్తేం కాదు, మా అమ్మ కొత్త దాకలో ముందు గంజే కాచేది. కాచేదాన్ని చూశాను గానీ ఎందుకని ఏనాడూ అడగలేదు.

ఇప్పుడు నీ వంతు. దసరా తొమ్మిది రోజుల్లోనే ఇక్కడి చైనా వాళ్ళకీ తొమ్మిది రోజుల వ్రతం ఉంది. వాళ్ళ లెక్కలో తొమ్మిదో నెల పాడ్యమి నుంచి. అమావాస్య అందరికీ ఒకటే కదా, చాలా ఏళ్ళలో మన నవరాత్రులూ అదీ ఒకే రోజున మొదలవుతాయి. పేట పేటంతా పసుప్పచ్చ జెండాలు, మీద ఎర్ర అక్షరం: ‘జే’. అంటే మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ లేవు. ఉల్లి, వెల్లుల్లి కూడా లేవు. కార్తీకమాసంలో మీ అత్తగారి వంటిల్లే అనుకో. ఒకే సాయంత్రం సీలోం రోడ్డులో మారియమ్మ గుళ్ళో కుంకుమ పెట్టించుకుని యావరాత్‌కి వెళ్ళాను. తమిళులు పందొమ్మిదో శతాబ్దంలో కట్టిన గుడి. ఇక్కడివాళ్ళు వత్ ఖేక్ అంటారు. ఖేక్ అంటే అతిథి, మనలాంటి వాళ్ళందరినీ అలాగే పిలుస్తారట. ఇన్నేళ్ళుగా ఉన్న అమ్మవారు ఇంకా అతిథేనా అని మావాణ్ణి అడిగితే, నన్ను ఊరుకోమన్నాడు. నిన్న రాత్రి ఊరేగింపుకి ఆ రోడ్డంతా బంతిపూలూ, కర్పూరం మంటలూ. నువ్వుంటే కదిలేదానివి కాదు.

ఆ సందు మొదట్లో ఆవిడ కుంపట్ల మీద కూడా పసుప్పచ్చ జెండా. రొయ్యలు బంద్. దాకలో అల్లం ఎక్కువ, మిరియం ఎక్కువ, నానబెట్టిన ఎండు షిటాకే పుట్టగొడుగులు, అవి నానిన నీళ్ళే రసం. నీ తరఫున తిన్నాను. నిజం చెప్పమంటావా? రొయ్యల దాక అంత బరువుగా లేదు. నాలిక మీద ఆగే ఆ కొవ్వు లేదు, వెల్లుల్లి లేని లోటు తెలుస్తూనే ఉంది. మొదటి రెండు ముద్దలు తిని, పాపం లలిత అనుకున్నాను. తర్వాత అడుగు గీరాను. అల్లం చక్రాలు మాడి, పోగులు వాటికి చుట్టుకుని, కరకర ఒకవైపు, సాగుడు ఒకవైపు. ఆ మాడు మాత్రం ఏమాత్రం తక్కువ లేదు. ఒక పుట్టగొడుగు మిగిల్చాను గానీ మాడు మిగల్చలేదు.

ఆవిడతో నీ గురించి చెప్పించాను. నా స్నేహితురాలు మా ఊళ్ళో రోజూ పెసలు రుబ్బి అట్లు వేస్తుందని. పొట్టుతోనే, ఆకుపచ్చగానే, ఏదీ పారెయ్యకుండా అన్నాను. ఆవిడకి ఆశ్చర్యం. పెసలు వీళ్ళూ తీపి వంటల్లో వాడతారు, కానీ పొట్టుతో పచ్చిగా రుబ్బి, పులియబెట్టకుండా అట్టు పోయడమా! ‘అయితే మీరు సేమియాకి పనికిరానిదంతా తింటారా?’ అందట. మావాడు తెలుగులో చెబుతూ పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వీళ్ళ మిల్లుల్లో పిండి దిగాక మిగిలిన మాంసకృత్తుల ముద్ద చాలాచోట్ల పశువుల దాణాకి పోతుంది. మనమేమో అది ఉంచుకుని, అడుగున దిగినది బకెట్టుతో పారబోశాం. ఆవిడకేం చెప్పను? మా ఇళ్ళలో పెసలు తినేది బలానికి, వీళ్ళు తినేది పంటి కింద ఆ జారుడుకి. నూరు గ్రాముల ఈ సేమియాలో మాంసకృత్తులు గ్రాము కూడా ఉండవు. పప్పు తిన్నానని నువ్వు లెక్క వేసుకునేవు, వేసుకోకు.

వచ్చే శనివారం వస్తున్నాను. దాక నా నేత చీరల మధ్య చుట్టి చేతి సంచీలోనే పెట్టుకుంటాను, లగేజీలో వెయ్యను. పాకెట్లు ఆరు. తెల్ల మిరియాలు పావు కిలో. సోయా సాసు మనూళ్ళో దొరుకుతుంది. కొత్తిమీర మాత్రం వేళ్ళతో ఉన్నది చూసి కొను, కడిగి ఉంచు. నీ దాకలో వెల్లుల్లి వెయ్యాలా వద్దా అన్నది కార్తీకం అయ్యాక తేలుద్దాం.

ఇంకొక్కటి. నేను వచ్చేదాకా ఒక్క పూట గ్రైండరు కడిగిన నీళ్ళు పారబొయ్యనివ్వకు. ఆ అమ్మాయికి చెప్పు, బకెట్టు కదపొద్దని. మర్నాడు పొద్దున్న పైనీళ్ళు మెల్లగా వంచి, అడుగున ఎంత దిగిందో, వేలెడా, జానెడా, చూసి నాకు రాయి.

నీ
సీత

తా.క. పాపకి పేరు అనుకున్నారా? మావాడు ‘వున్ సెన్’ అని పెట్టమంటున్నాడు. వాడి మాట పట్టించుకోకు.